వైఫై స్పీకరు మాటిమాటికీ ఆగిపోతుంటే ఎలా సరిచేయాలి?

పాట మధ్యలో వైఫై స్పీకరు ఆగిపోగానే చాలామంది దాని అడుగున ఉన్న బటన్ నొక్కిపట్టి, సెట్టింగులన్నీ చెరిపేసి మళ్లీ మొదటినుంచి కలుపుతారు. దయచేసి ఆ పని చేయకండి. చుట్టాల ఇళ్లలో, ఇరుగుపొరుగు ఇళ్లలో నేను సరిచేసిన స్పీకర్లలో ఎక్కువ వాటికి లోపం రౌటర్ దగ్గరే దొరికింది. స్పీకరును చెరిపితే ఒక పూట బాగానే పాడుతుంది, మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది.

కావలసినవి ఫోను, రౌటర్ అడుగున చీటీ మీద ఉండే పాస్‌వర్డ్, కాగితం, పెన్ను.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. పాట ఆగిన క్షణంలోనే ఫోనులో మొబైల్ డేటా ఆపి, వైఫై మీద ఏదైనా వీడియో పెట్టండి. అదీ ఆగితే లోపం ఇంటర్నెట్ లైనుదో రౌటర్‌దో. స్పీకరు జోలికి పోనక్కర్లేదు. వీడియో ఆడుతుంటే స్పీకరును రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో ఒక రోజంతా ఉంచండి. అక్కడ ఆగలేదంటే దూరం గానీ, మధ్యలో గోడలు గానీ కారణం.

అప్పుడు రౌటర్‌నే జరపాలి. ఇంటికి నడుమ, ఛాతీ ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండాలి. టీవీ వెనకా, ఇనుప బీరువా మీదా పెట్టకూడదు. మైక్రోవేవ్ ఓవెన్ పక్కన అసలే వద్దు, అది నడిచేదీ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే. వైఫై సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే రిపీటర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. చవకరకం రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, అదే రేడియోతో తిరిగి చెప్పాలి. వేగం సగానికి పడిపోతుంది. ఆ డబ్బుతో పొడుగాటి కేబుల్ కొని రౌటర్‌ను జరపడమే మేలు.

రౌటర్ పక్కన ఉంచినా ఆగుతోందా? అయితే సెట్టింగులు మార్చాలి. ఇక్కడ తొందరపడితే ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ పోతుంది. ఫోనును వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొట్టండి. చీటీ మీది పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లగానే దేన్నీ ముట్టుకోకుండా ప్రతి పేజీనీ ఫొటో తీసుకోండి. ‘వాన్’ అనే పేజీలో, అంటే బయటి ఇంటర్నెట్ లైను సెట్టింగుల్లో, మాత్రం ఏదీ మార్చవద్దు. చాలా ఫైబర్ కనెక్షన్లకు కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ అనే లైను గుర్తింపు సంఖ్య అందులోనే ఉంటాయి. అవి చెరిగితే కంపెనీ మనిషి వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే. రౌటర్ వెనక సన్నని రంధ్రంలో ఉండే రీసెట్ నొక్కినా జరిగేది అదే. ఎవరో చెప్పారని పిన్నుతో పొడిచి మూడు రోజులు నెట్ లేకుండా గడిపిన ఇల్లు నాకు తెలుసు.

మీరు వెళ్లాల్సింది ‘డబ్ల్యూలాన్’ లేదా ‘వైర్‌లెస్’ పేజీకి. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు వైఫై బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, పరికరాలను అటూ ఇటూ నెడుతుంటాయి. ఆ నెట్టుడుకే కొన్ని స్పీకర్లు తెగిపోతాయి. రెండింటికీ పేర్లు వేరు చేయండి. పాత పేరు, పాత పాస్‌వర్డ్ 2.4కే ఉంచి, కొత్త పేరు 5కు పెట్టాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అప్పుడు స్పీకరుతో పాటు కెమెరా, స్మార్ట్ బల్బులు అన్నీ మళ్లీ కలుపుకోవాలి.

ఇప్పుడు 2.4కు ఛానల్ ‘ఆటో’ తీసేసి 1, 6, 11లలో ఒకటి పెట్టండి. పక్కపక్క ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, వైఫై సంకేతానికి సుమారు 20 కావాలి. అందుకే ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు. ఖాళీగా ఉంటుందని 3 పెడితే 1లో ఉన్నవాళ్లతోనూ, 6లో ఉన్నవాళ్లతోనూ ఢీకొంటారు. అపార్ట్‌మెంట్లలో ఇది మరీ ముఖ్యం. ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించండి. వేగం కాస్త తగ్గినా పాటకు ఆ కాస్త చాలు. భద్రత దగ్గర (వైఫై పాస్‌వర్డ్‌ను కాపాడే పద్ధతి) డబ్ల్యూపీఏ3 కలిపి ఉంటే డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టండి, పాత స్పీకర్లు మూడో రకం దగ్గర తడబడతాయి. ఒక్కొక్క మార్పూ చేసి, సేవ్ నొక్కి, రెండు నిమిషాలు ఆగి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఫోను గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా పెట్టేది) ఉంటే సాధారణంగా స్పీకరు కనిపించదు. రెండూ ఒకే రౌటర్ అసలు నెట్‌వర్క్‌లో ఉండాలి. పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పేజీలో స్పీకరుకు ఒక స్థిరమైన ఐపీ చిరునామా కేటాయిస్తే ఇంకా మంచిది.

కరెంటు పోయి వచ్చినప్పుడే స్పీకరు మాయమవుతుంటే కారణం వేరు. రౌటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. స్పీకరు అంతకుముందే లేచి, వెతికి, ఊరుకుంటుంది. రౌటర్ దీపాలు నిలకడగా వెలిగాక స్పీకరు స్విచ్ ఆపి, మళ్లీ వేయండి. రోజూ ఇదే బాధయితే రౌటర్‌కు చిన్న యూపీఎస్ తీసుకోండి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద 9 వోల్టులని ఉందో, 12 అని ఉందో చూసుకోండి.