హోటల్ బల్ల చుట్టూ పుస్తక చర్చ

నెలకొక పుస్తకం చదివి, ఏదైనా హోటల్లో కూర్చుని దాని గురించి మాట్లాడుకోవాలనుకునే మిత్రులు ముందుగా వేళను నిర్ణయించుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గిన తరువాత, సాయంత్రం టిఫిన్ల సందడి మొదలయ్యేలోపు కూర్చుంటే, బల్ల ఖాళీ చేయమని ఎవరూ తొందరపెట్టరు. కొన్ని రెస్టారెంట్లు ఆ సమయంలో మూసి ఉంటాయి కాబట్టి, ముందురోజే ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో, ఎంతసేపు కూర్చుంటారో చెప్పడం మర్యాద.

సభ్యులు అయిదుగురు, మహా అయితే ఆరుగురు ఉంటే చాలు. మేము తొమ్మిది మందితో ప్రారంభించాము. హైదరాబాదు ఇరానీ హోటల్లో రెండు బల్లలు కలిపి కూర్చున్నా ఈ చివర మాట ఆ చివరకు వినిపించక, పది నిమిషాలు గడవకముందే రెండు వేర్వేరు సంభాషణలు నడిచాయి.

పుస్తకం పేరుతో పాటు ఏ కూర్పు చదవాలో కూడా ముందే తేల్చుకోవాలి. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో తొలిసారి అచ్చయింది; 1909లో ఆయనే దానిని బాగా పెంచి తిరగరాశారు. మాలో ఒకరు తొలి కూర్పు చదివి వచ్చిన సంగతి, ఆయనకు ఎంత వెతికినా దొరకని ఒక సన్నివేశం గురించి అరగంట వాదించుకున్న తరువాత గానీ బయటపడలేదు.

చర్చ సాగడానికి నేను చూసినంతలో అన్నిటికన్నా మంచి మార్గం, ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన లేదా మింగుడుపడని ఒక పేజీని గుర్తుపెట్టుకుని వచ్చి, అక్కడే పైకి చదివి వినిపించడం. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అన్న జవాబుతో మాట ఆగిపోతుంది. పేజీ చదివితే అందరూ ఒకే వాక్యాన్ని పట్టుకుని మాట్లాడతారు. విజయనగరంలో పెరిగిన మా స్నేహితురాలు తన ఊరి పలుకుబడితో మధురవాణి మాటలు చదువుతున్నప్పుడు, చాయ్ తెచ్చిన కుర్రాడు సాసర్లు చేతిలో పట్టుకునే ఆ సన్నివేశం ముగిసేదాకా నిలబడిపోయాడు. పుస్తకం పూర్తిచేయని వారు కూడా రావచ్చు. అయితే వారి కోసం ముగింపు దాచనక్కర్లేదని ముందే చెప్పాలి.

మొదట చాయ్, ఉస్మానియా బిస్కెట్లు మాత్రమే తెప్పించుకుని, దోసెలూ సమోసాలూ చర్చ ముగిశాక చెప్పడం మంచిది. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం మీద ఒకసారి అల్లం పచ్చడి పడి, రెండు పేజీలు అతుక్కుపోయిన తరువాత మేము ఈ నియమం పెట్టుకున్నాము. అలాగని రెండు గంటలు ఒక్కొక్క చాయ్‌తో బల్లను ఆక్రమించడం హోటల్ వారికి నష్టం, కాబట్టి చివరలో టిఫిన్ తప్పక చేయాలి. బిల్లు ఒకరు కట్టి, మిగిలినవారు తమ వాటా అక్కడే ఫోన్‌లో పంపితే లెక్క మిగలదు.

తరువాతి పుస్తకాన్ని వంతులవారీగా ఒక్కొక్కరు ఎంపిక చేయాలి. దాని పేరు, కూర్పు, వచ్చే నెల తేదీ బల్ల దగ్గర నుంచి లేవకముందే అందరూ రాసుకోవాలి.