గ్యాస్ ఫర్నేస్ వెలగట్లేదా? ప్యానెల్ విప్పే ముందు ఇవి చూసుకోండి

అమెరికా, కెనడాల్లో ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్‌ల కోసం ఇది.

• గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోవద్దు. అందరూ బయటికొచ్చి, అక్కడి నుంచే గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా అంతే.

• థర్మోస్టాట్ ‘హీట్’లో ఉందా? బ్యాటరీలు? ఫర్నేస్ పక్కనుండే స్విచ్ అచ్చం లైటు స్విచ్‌లా ఉంటుంది. బేస్‌మెంట్‌లో సామాన్లు సర్దుతూ ఎవరో ఆపేసి ఉండొచ్చు.

• ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్ బర్నర్‌ను (గ్యాస్ మండే భాగాన్ని) ఆపేస్తుంది.

• గోడ బయటికి తెల్ల ప్లాస్టిక్ గొట్టాలుంటే వాటి మూతి దగ్గర మంచు తీయండి. గాలి ఆడకపోతే ప్రెషర్ స్విచ్ మంట వెలగనివ్వదు.

• కరెంటు తీసే ముందే, ఫర్నేస్ తలుపు (ప్యానెల్) మీది చిన్న గాజు కన్నంలోంచి ఎల్ఈడీ లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో ఫోన్‌లో వీడియో తీసుకోండి. లోపమేంటో చెప్పే కోడ్ అదే. కొన్ని మోడళ్లలో కరెంటు పోతే ఆ కోడ్ చెరిగిపోతుంది. దాని అర్థం సాధారణంగా ఆ తలుపు లోపలివైపు స్టిక్కర్ మీదే ఉంటుంది.

• ఇప్పుడు స్విచ్, బ్రేకర్ రెండూ ఆపి తలుపు తీయండి. మంట వెలిగి కొద్ది సెకన్లకే ఆరిపోతుంటే ముందు ఫ్లేమ్ సెన్సర్‌ను (మంట ఉందో లేదో కనిపెట్టే సన్నటి లోహపు కడ్డీని) అనుమానించాలి. ఆ కడ్డీని సన్నటి స్టీల్ ఊల్‌తో (సన్నని స్టీలు పీచుతో) మెల్లగా రుద్దండి. గరుకు ఉప్పుకాగితం వద్దు, గీతలు పడతాయి. పింగాణీ భాగం పెళుసు, జాగ్రత్త.

• తలుపు సరిగ్గా బిగించకపోతే డోర్ స్విచ్ నొక్కుకోదు, ఫర్నేస్ అసలు పలకదు. అలాగని ఆ స్విచ్‌కు టేపు వేయడం, ఏ సేఫ్టీ స్విచ్‌నైనా వైరుతో కలిపేయడం ప్రాణాలతో చెలగాటమే.

• రోలౌట్ స్విచ్ (మంట బర్నర్ బయటికి వస్తే ఫర్నేస్‌ను ఆపేసేది) ట్రిప్ అయి ఉంటే రీసెట్ నొక్కొద్దు. టెక్నీషియన్‌ను పిలవండి.