మాచిపత్రి, దవనం వాడిపోతున్నాయా? మందు కొట్టే ముందు కుండీ ఎత్తి చూడండి

మందు కొనకముందే, ఎరువు వేయకముందే ఒక పని చేయండి. కుండీ ఎత్తి అడుగు చూడండి. మాచిపత్రి, దవనం, వెండిరంగు ఆకుల విదేశీ రకాలు అన్నీ ఆర్టిమీసియా జాతి మొక్కలే. ఎండను, కాస్త నీటి ఎద్దడిని ఓర్చుకుంటాయి గానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే బతకవు. కింద పళ్లెంలో నీళ్లున్నా, రంధ్రం పూడుకుపోయినా, మిద్దె మీద కుండీ అడుగు గచ్చుకు అతుక్కుని రంధ్రం మూసుకుపోయినా జరిగేది ఒకటే. పళ్లెం తీసేయండి. ఇనుప చువ్వతో రంధ్రం పొడవండి. కుండీ కింద మూడు టైలు ముక్కలు పెట్టండి. చాలా మొక్కలు ఇంతటితోనే తేరుకుంటాయి. అయినా ఈ ఒక్కటి తప్ప మిగతావన్నీ చేసి చూసేవాళ్లే ఎక్కువ.

రంధ్రం బాగుంది, పైమట్టి పొడిగానే ఉంది, అయినా మొక్క వాలిపోతోంది

అసలు మోసం ఇక్కడుంది. నర్సరీ కవరు చింపితే వేళ్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద కనిపిస్తుంది. లారీల్లో దూరం వెళ్లే మొక్కకు మట్టి రాలకుండా, వేళ్లు కదలకుండా అది పనికొస్తుంది కాబట్టి నర్సరీవాళ్లను తప్పుపట్టలేం. మనం ఆ ముద్దను అలాగే తెచ్చి ఇసుక, వర్మీకంపోస్ట్ కలిపిన గుల్ల మట్టి మధ్యలో పెడతాం. అప్పటినుంచి ఒకే కుండీలో రెండు రకాల మట్టి ఉంటుంది. వేలు పెట్టి చూస్తే తగిలేది గుల్ల మట్టి. అది ఒక్కరోజులో ఆరిపోతుంది. లోపలి ముద్ద మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. పైమట్టి చూసి రోజూ నీళ్లు పోస్తే ముద్దకు ఆరే తీరికే దొరకదు. గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు తీసుకోలేదు కాబట్టి ఆకులు అచ్చం దాహం వేసినట్టే వేలాడతాయి. అది చూసి ఇంకో చెంబు పోస్తాం.

ఎండాకాలంలో దీనికి పూర్తిగా ఉల్టా. ముద్ద ఒకసారి బాగా ఎండిందంటే ఇటుకలా గట్టిపడుతుంది. పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారి రంధ్రంలోంచి వెళ్లిపోతాయి. కింద నీళ్లు కారుతున్నాయి కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, లోపల మొక్క ఎండిపోతుంటుంది.

ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే అగరుబత్తి పుల్ల చాలు. కాండానికి రెండు వేళ్ల దూరంలో, కాండం వైపు ఏటవాలుగా 7-8 సెంటీమీటర్లు గుచ్చండి. ముందు సులువుగా దిగి, తర్వాత గట్టిగా తగిలితే అదే ముద్ద. నెమ్మదిగా అందులోకి దించి పది నిమిషాలు ఉంచి తీయండి. కొసకు బురద అంటుకుని కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైనట్టు. శుభ్రంగా, పొడిగా వస్తే ఇటుకైనట్టు.

ఇటుకైతే కుండీని టబ్బులో పెట్టి, నీళ్లు కుండీలోని మట్టి మట్టానికి వచ్చేదాకా పోయండి. బుడగలు ఆగేదాకా ఉంచి తీసి, నీళ్లు పూర్తిగా కారనివ్వండి. ముద్దలోకి పుల్లతో ఐదారు చోట్ల గుచ్చండి. మూడు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి ఇలాగే చేయండి.

తడి ఎక్కువైతే మాచిపత్రిని కుండీలోంచి తీసేయాల్సిందే. సాయంత్రం పూట చేయండి. నడి మే నెలలో మాత్రం వద్దు. ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, వేళ్లతో మెల్లగా నలుపుతూ మూడింట రెండు వంతుల బంకమట్టి వదిలించండి. కాండం మొదట్లో నిమ్మకాయంత ఉంచితే చాలు. గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు జారిపోయే వేళ్లను కత్తిరించండి. వేళ్లు తగ్గాయి కాబట్టి పైకొమ్మలనూ మూడో వంతు కత్తిరించాలి. చాలామంది మనసొప్పక ఇది వదిలేస్తారు, తర్వాత మొక్క ఆకులన్నిటికీ నీరు అందించలేక చచ్చిపోతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన కంపోస్ట్ ఒక పాలు కలిపి నాటండి. ఒకసారి నీళ్లు పోసి వారం రోజులు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు మార్చండి. మూడు వారాలు ఎరువు ఊసెత్తొద్దు. కత్తిరించిన కొమ్మల్లో పచ్చిగా ఉన్నవాటిని 10 సెంటీమీటర్ల ముక్కలు చేసి తడి ఇసుకలో గుచ్చండి. తల్లిమొక్క పోయినా రెండు మూడు వారాల్లో కొత్త మొక్కలు చేతికొస్తాయి.

దవనానికి ఈ కడుగుడు వద్దు. దాని వేళ్లు సన్నం, ఆయుష్షు ఒక్క సీజనే. నాటేటప్పుడే ముద్ద చుట్టూ కత్తితో మూడు నాలుగు నిలువు గాట్లు, సెంటీమీటరు లోతున పెడితే చాలు. అంతకంటే మంచిది అక్టోబరు, నవంబరుల్లో విత్తనంతోనే మొదలుపెట్టడం. విత్తనం నలుసంత ఉంటుంది కాబట్టి సన్న ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా కప్పండి. మొలక రాలేదంటే చాలాసార్లు విత్తనం పాతబడినట్టే. కిందటి సీజను పంటదే అడిగి తీసుకోండి.

దవనం మార్చి, ఏప్రిల్‌లో ఎండిపోయింది

జబ్బు కాదు. చలికాలంలో పెరిగి, పూసి, విత్తనం కట్టి పోయే మొక్క అది. దండల్లోకి కావాలంటే పూత మీద ఉన్నప్పుడే కోయండి, వాసన అప్పుడే గాఢంగా ఉంటుంది.

సాగిపోయి వాలుతోంది, వాసన కూడా పలుచన

నీడ ఎక్కువ, లేదా ఎరువు ఎక్కువ. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. యూరియా ముట్టించొద్దు. ఏడాదికి రెండుసార్లు గుప్పెడు కంపోస్ట్ సరిపోతుంది. వెండిరంగు రకాలకైతే రంగే ఆకుల మీది తెల్లటి నూగు. నీడలో అది పలుచబడి ఆకు పచ్చగా మారుతుంది. మన వానాకాలపు ఉక్కను అవి భరించలేవు, కోస్తాలో మరీ కష్టం. అమెరికాలో చలి మరీ ఎక్కువ లేని చోట ఉన్న మనవాళ్లు పోయిస్ కాజిల్ (Powis Castle) అనే వెండిరంగు రకాన్ని నేలలో హాయిగా పెంచుకోవచ్చు. కత్తిరింపు మాత్రం వసంతంలో కొత్త చిగురు కనిపించాకే. ఆకులేని ముదురు కొమ్మలోకి కోస్తే మళ్లీ చిగురించకపోవచ్చు. ఇక ఇక్కడ వెండి ఆకుల మొక్కగా దొరికే డస్టీ మిల్లర్ చాలావరకు ఈ జాతే కాదు.

అసలు ఇది మాచిపత్రేనా?

ఆకు తిప్పి చూడండి. పైన పచ్చగా, అడుగున తెల్లటి నూగుతో ఉండాలి. నలిపితే ఘాటైన వాసన రావాలి. చామంతి ఆకును చూసి పొరబడితే నష్టం లేదు గానీ వయ్యారిభామ ఆకూ ఇలాగే చీలి ఉంటుంది. చవితికి పత్రి కోసం ఖాళీ స్థలాల్లో వెతికేవాళ్లు మరీ జాగ్రత్త. అది తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి.

మిగతావి

పేనుబంక పడితే ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. పోకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. తుప్పు తెగులు, వేరుపురుగు లాంటివి అరుదు, వాటి గురించి ముందే బెంగ వద్దు.

కుండీ మధ్యలో కొమ్మలు చచ్చి, అంచుల్లో మాత్రం మాచిపత్రి గుబురుగా ఉంటే అదీ తెగులు కాదు. భూమిలోపల పిలకలు పాకి అంచులకు చేరాయంతే. వానలు మొదలయ్యాక దిమ్మ తీసి, అంచుల్లోని పిలకలను వేళ్లతో సహా విడదీసి కొత్త మట్టిలో నాటుకోండి. నేలలో నాటేవాళ్లు అడుగుభాగం తీసేసిన పాత బకెట్‌ను ఒక అడుగు లోతున పాతి అందులో నాటితే పక్క మళ్లలోకి పాకదు.