పాత సోనీ రేడియోకి అడాప్టర్ వేట

నా దగ్గరున్న షార్ట్‌వేవ్ రేడియో, సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. అసలు అడాప్టర్ ఎప్పుడో పోయింది, 4 పెన్సిల్ బ్యాటరీలతో నెట్టుకొస్తున్నాను. చివరికి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి '6 వోల్టులు' అని రాసున్న అడాప్టర్ కొన్నాను.

ఇంటికొచ్చాక, ఎందుకైనా మంచిదని, రేడియోకి పెట్టకముందే మల్టీమీటర్ పెట్టి చూస్తే 9.4! స్టెబిలైజేషన్ (వోల్టేజీని నిలకడగా ఉంచే ఏర్పాటు) లేని పాత ట్రాన్స్‌ఫార్మర్ రకాలు లోడ్ లేనప్పుడు, అంటే వాటికి ఏదీ తగిలించనప్పుడు, అలాగే ఎక్కువ చూపిస్తాయి, కానీ ఈ రేడియో తక్కువ కరెంటే లాగుతుంది కాబట్టి లోడ్‌లోనూ 6కి దిగుతుందన్న నమ్మకం లేదు. వాపసు ఇచ్చేశాను, షాపతను కాస్త గొణిగాడు లెండి.

రెండోసారి కొన్నది స్విచ్చింగ్ రకం (ఫోన్ ఛార్జర్ లాంటిది), వోల్టేజీ కచ్చితంగా 6. పిన్ను లోపలా బయటా ప్లస్-మైనస్ ఎటుందో సాకెట్ పక్కనున్న గుర్తుతో సరిచూసుకున్నాకే గుచ్చాను (ఇది తిరగబడితే రేడియో గోవిందా). అంతా బాగుందనుకుంటే షార్ట్‌వేవ్‌లోని 31 మీటర్ బ్యాండ్‌లో 'బర్ర్' తప్ప ఏమీ లేదు. వైరు తీసేసి బ్యాటరీల మీద వింటే అదే స్టేషన్ శుభ్రంగా వచ్చింది, అడాప్టర్‌ని గోడ ప్లగ్గులోనే ఉంచి రేడియోని దగ్గరికి జరిపితే మళ్లీ గోల. అంటే దొంగ దొరికాడు. ఫెరైట్ క్లిప్ (వైరు గుండా వచ్చే గోలని తగ్గించే బిళ్ల) వేసి, దాని చుట్టూ వైరు 4 చుట్లు తిప్పితే కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇప్పుడు ఛార్జింగ్ సెల్స్ 2 సెట్లు పెట్టుకున్నాను. ఒక్కోటి 1.2 చొప్పున మొత్తం 4.8 వోల్టులే అయినా బాగానే పాడుతోంది. యాంటెన్నాకి మాత్రం 7 మీటర్ల మామూలు వైరు బాల్కనీలో కట్టాను, అది చాలు.