నాటకాలాడే నటులు విదేశీ సినిమాలో విలన్ కావాలంటే

ముందు వయసు గురించి టెన్షన్ పెట్టుకోవడం మానేయండి. ఆలన్ రిక్‌మన్ లండన్‌లో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసి, 26 ఏళ్ళ వయసులో రాడా నాటక శిక్షణాలయంలో చేరి, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎక్కువగా స్టేజీ మీదే గడిపాడు. 1987లో బ్రాడ్‌వేలో (న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల్లో) ఆడిన నాటకానికి అమెరికా రంగస్థల అవార్డు టోనీకి నామినేషన్ వచ్చాక గానీ 'డై హార్డ్' (1988) విలన్ వేషం రాలేదు, అప్పటికి ఆయనకి నలభై దాటాయి. క్రిస్టాఫ్ వాల్ట్జ్ వియన్నాలో నటన నేర్చుకుని దశాబ్దాల పాటు జర్మన్ నాటకాల్లో, టీవీలో చేస్తూ వచ్చినవాడు, 2009లో ఒక అమెరికన్ సినిమాలో విలన్‌గా కాన్ అవార్డు, మరుసటి ఏడు ఆస్కార్ అందుకున్నాడు. మన అమ్రీష్ పురి సంగతి తెలిసిందే, ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడి, 1984లో స్పీల్‌బర్గ్ సినిమాలో మోలా రామ్ అనే విలన్ అయ్యేనాటికి యాభై దాటినవాడు. కాబట్టి ఇన్నాళ్ళూ స్టేజీ మీద గడిపిన కాలం వృథా పోయిందనుకోకండి, విలన్ వేషానికి కావలసిన బరువు అక్కడే వస్తుంది.

అయితే ఆ బరువుని కెమెరా ముందు ఎలా మోయాలన్నది వేరే విద్య, అసలు కష్టపడాల్సింది ఇక్కడే. నాటకంలో చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా మీ కోపం తెలియాలి, క్లోజప్‌లో మాత్రం ప్రేక్షకుడు మీ కనురెప్ప పక్కనే కూర్చుంటాడు. చాలామంది గొంతు తగ్గించగానే పట్టు కూడా వదిలేస్తారు, డైలాగ్ చప్పబడిపోతుంది. తగ్గించాల్సింది శబ్దాన్నే. ఊపిరి పొట్టలోంచే రావాలి, ప్రతి అక్షరం స్పష్టంగా పలకాలి, మాట ఎవరి మీద గురిపెట్టారో వాళ్ళకి తగలాలి. మీకు కంఠతా వచ్చిన ఏదో ఒక నాటకంలోని పెద్ద డైలాగ్ తీసుకుని, బల్లకి అటువైపు కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. తర్వాత సౌండ్ తీసేసి చూడండి. కనుబొమలు, తల, చేతులు అవసరం లేకుండా ఎంత కదులుతున్నాయో అప్పుడు బయటపడుతుంది. ఆ కదలికల్ని ఒక్కొక్కటిగా ఆపుతూ మళ్ళీ మళ్ళీ తీయండి, మనిషి కదలకపోయినా ఆలోచన మాత్రం కదులుతున్నట్టు కనిపించేదాకా. విలన్‌కి భయపెట్టే అవసరం లేదు, పని జరిగితే చాలు. వాడికి ఏం కావాలి, అది తనకి దక్కడం న్యాయమేనని వాడు ఎందుకు నమ్ముతున్నాడు, ఈ రెండూ మీకు తెలిస్తే గొంతు పెంచకపోయినా అవతలివాళ్ళు జాగ్రత్తపడతారు.

భాష దగ్గర మొహమాటం వద్దు. జర్మన్ సినిమాల్లో చేసి వచ్చిన నటుడు పీటర్ లోరీ 1934లో దర్శకుడు హిచ్‌కాక్ దగ్గర మొదటి ఇంగ్లీష్ సినిమా చేసేటప్పటికి ఇంగ్లీష్ అంతంతమాత్రమే, చాలా డైలాగులు ఉచ్చారణ పట్టుకుని బట్టీపట్టాడు. అలా గట్టెక్కవచ్చు గానీ ఎదుటివాడు ఒక మాట మార్చి చెబితే దొరికిపోతారు, అందుకే మీ డైలాగులే కాకుండా సీన్‌లో అందరి డైలాగుల అర్థమూ మాటమాటకీ తెలుసుకోండి. యాస ఉందని దాచకండి, అలాగని యాస ఒక్కటే పెట్టుబడి అనుకోకండి. వచ్చిన యాసలన్నీ ముందే చెప్పేయండి. రిక్‌మన్ అమెరికన్ యాస కూడా పలకగలడని తెలిశాకే 'డై హార్డ్'లో విలన్ అమెరికన్‌లా మాట్లాడి హీరోని మోసం చేసే సీన్ రాశారు. ఇంకో సంగతి, ఒప్పందం మీద సంతకం చేసేముందు మీ గొంతే ఉంచుతారా, డబ్బింగ్ చెప్పిస్తారా అని తప్పకుండా అడగండి. జేమ్స్ బాండ్ సినిమా 'గోల్డ్‌ఫింగర్' (1964)లో విలన్‌గా కనిపించేది గెర్ట్ ఫ్రోబే, వినిపించే గొంతు చాలావరకు మైకేల్ కాలిన్స్ అనే మరో నటుడిది. గొంతే ఆస్తిగా బతికిన రంగస్థల నటుడికి ఇది చిన్న విషయం కాదు.

సెల్ఫ్ టేప్‌కి, అంటే ఆడిషన్ కోసం మీరే తీసి పంపే వీడియోకి, పెద్ద హంగులేం అక్కర్లేదు. సాదా గోడ, ముందునుంచి వెలుతురు, ఛాతీ పైనుంచి ఫ్రేమ్. ఎదుటి పాత్ర డైలాగులు చదివేవాళ్ళని లెన్స్ పక్కనే నిలబెట్టి మీకంటే తక్కువ గొంతుతో చదవమనండి.

కాగితాల పని మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. అమెరికా సినిమాకైతే మామూలుగా ఓ-1బీ వీసా (పేరున్న కళాకారులకిచ్చే పని వీసా) కావాలి. దానికి మీరు సొంతంగా దరఖాస్తు చేసుకోలేరు, అక్కడి నిర్మాణ సంస్థో ఏజెంటో మీ తరఫున పెట్టాలి. మొదటిసారి 3 ఏళ్ళ దాకా ఇవ్వవచ్చు. నటుల యూనియన్, నిర్మాతల సంఘం అభిప్రాయ పత్రాలతో పాటు మీరు పేరున్న నటులని చూపించే ఆధారాలు అడుగుతారు. పత్రికల్లో వచ్చిన సమీక్షలు, కరపత్రాలు, అవార్డు పత్రాలు అన్నీ తేదీతో సహా స్కాన్ చేసి దాచండి. ఇంగ్లీష్‌లో లేనివాటికి ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి, ఆఖరి వారంలో పరిగెత్తితే అయ్యే పని కాదిది.

మొదటి విలన్ వేషం హిట్టయితే అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. బేలా లుగోసి హంగరీలో రకరకాల పాత్రలు వేసిన నటుడు. 1927లో బ్రాడ్‌వేలో, 1931లో తెరమీద డ్రాక్యులాగా చేశాక హాలీవుడ్ ఆయన్ని ఇంకో రకంగా చూడ్డానికి పెద్దగా ఇష్టపడలేదు. 1956లో చనిపోతే డ్రాక్యులా వేషంలో భుజాల మీద కప్పుకునే పొడవాటి కేప్‌తోనే పూడ్చిపెట్టారు. నాకిది చాలా బాధ కలిగించే కథ. రెండో ఆఫర్ కూడా అచ్చం అలాంటి విలనే అయితే, డబ్బు బాగున్నా సరే, పాత్రలో కొత్తదేముందో చూసి ఒప్పుకోండి. కొత్తదేమీ లేకపోతే ఏజెంట్‌కి ముందే చెప్పి కాస్త ఆగండి. ఆ ఖాళీలో స్టేజీకి వెళ్ళండి. రిక్‌మన్ సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా నాటకాలు వదల్లేదు, 2002లో బ్రాడ్‌వేకి తిరిగొచ్చి రెండోసారి టోనీ నామినేషన్ తెచ్చుకున్నాడు. సినిమా ఒప్పందం రాసేటప్పుడే మీ నాటకం తేదీలు కాల్షీట్లలోంచి తీసేయించండి, నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద రాయించుకోండి.