పెళ్లిళ్ల సీజన్ ముందు బ్యాక్ బటన్ ఫోకస్: జాగ్రత్తలు

బ్యాక్ బటన్ ఫోకస్ అంటే ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసేసి, కెమెరా వెనక బొటనవేలితో నొక్కే బటన్‌కి ఇవ్వడం. మాఘమాసం ముహూర్తాల్లో దాన్ని వాడాలనుకునేవాళ్లు ఇప్పుడే మారిపోండి. పెళ్లి ముందురోజు రాత్రి మాత్రం ఆ సెట్టింగుల జోలికి పోవద్దు. బొటనవేలికి అలవాటయ్యేదాకా పంతులుగారు జీలకర్ర బెల్లం ఆపరు కదా!

సెట్టింగ్ చిన్నదే. కెనాన్‌లో షట్టర్ హాఫ్ ప్రెస్‌ని 'మీటరింగ్ స్టార్ట్'కి మార్చాలి. నికాన్‌లో 'ఏఎఫ్ యాక్టివేషన్'లో 'ఏఎఫ్-ఆన్ ఓన్లీ' పెట్టాలి. సోనీలో 'ఏఎఫ్ విత్ షట్టర్' ఆఫ్ చేయాలి. ఫోకస్ మోడ్ ఏఎఫ్-సి (నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ సరిచేస్తూ ఉండేది), కెనాన్ వాళ్లకి సర్వో. రెండు కెమెరా బాడీలు వాడేవాళ్లు రెండింట్లోనూ ఒకేలా పెట్టుకోండి. కెమెరా అడుగున తగిలించే బ్యాటరీ గ్రిప్ ఉంటే దాని మీది బటన్ కూడా చూసుకోండి. చాలామంది అది మర్చిపోతారు, నిలువు ఫొటోలన్నీ పోతాయి.

అసలు ప్రమాదం ఎక్కడంటే, ఏఎఫ్-సిలో చాలా కెమెరాల్లో రిలీజ్ ప్రయారిటీ ఉంటుంది, అంటే ఫోకస్ కుదరకపోయినా ఫొటో పడుతుంది. వెనక బటన్ నొక్కకపోయినా షట్టర్ పడిపోతుంది. బీప్ కూడా రాదు. కెమెరా స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పెళ్లికూతురి కళ్లు మసక. అందుకే ప్రతి ఘట్టం అయ్యాక ఒక ఫొటో వంద శాతం జూమ్ చేసి చూడండి.

జూమ్ లెన్స్‌తో ఇంకో మెలిక ఉంది. 70 ఎంఎం దగ్గర ఫోకస్ చేసి వేలు తీసేసి 24 ఎంఎంకి తిప్పితే, చాలా లెన్సుల్లో ఫోకస్ కాస్త జరుగుతుంది. జూమ్ మారిస్తే మళ్లీ నొక్కాల్సిందే. గ్రూప్ ఫొటోకి ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, కానీ మీరో వాళ్లో ఒక్క అడుగు కదిలినా పాత ఫోకస్ పనికిరాదు. తలంబ్రాలప్పుడు మాత్రం వేలు అసలు తీయొద్దు, నొక్కే ఉంచి వరసగా కొట్టండి.

రాత్రి ముహూర్తమైతే డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాళ్లకి మరో చిక్కు. ఏఎఫ్-సిలో చీకట్లో ఫోకస్‌కి సాయం చేసే ఫ్లాష్ మీది ఎర్ర అసిస్ట్ లైట్ వెలగదు. వెలుతురు చాలక ఫోకస్ వెతుక్కుంటుంటే పాయింట్‌ని బాసికం అంచు మీద పెట్టండి. మెరుపూ గీతలూ ఉంటాయి కాబట్టి తొందరగా పట్టుకుంటుంది, కళ్లకి దగ్గర్లోనే ఉంటుంది కూడా.

"అన్నా, మాది ఒకటి నేను తీస్తా" అని ఎవరైనా చేయి చాపితే, ఫోకస్‌ని షట్టర్‌కి తిరిగిచ్చాకే కెమెరా ఇవ్వండి. అంత టైం లేకపోతే ఫోన్‌తో తీయమనండి.