కోడికి నట్టలా, వేరే జబ్బా? తేల్చుకున్నాకే మందు వేయండి

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నలతగా కనిపిస్తే గుంపులో మిగతావి పొడుస్తాయి కాబట్టి ఓపిక ఉన్నంతసేపు తింటున్నట్టే, తిరుగుతున్నట్టే ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి ఓ మూల కునుకుతోందంటే అప్పటికే ఆలస్యమైందని అనుకోవాలి. ఆ కంగారులో చాలామంది ఇంట్లో ఉన్న నట్టల (కడుపులో పురుగుల) మందు తీసి నీళ్లలో కలిపేస్తారు. నేనూ అదే చేశాను. రక్త పారుడు (రెట్టలో రక్తం పడే జబ్బు) పట్టిన కోడిపిల్లలకు నట్టల మందు తాగించి రెండు రోజులు ఎదురుచూశాను. ఈలోగా నాలుగు పోయాయి. రక్త పారుడు పురుగు వల్ల రాదు, కంటికి కనపడని ఏకకణ జీవి వల్ల వస్తుంది. నట్టల మందు దాన్ని ఏమీ చేయలేదు.

1. ముందు విడిగా పెట్టండి

జబ్బు కోడిని గాలివాన తగలని వెచ్చని చోట వేరుగా ఉంచండి. కింద కాగితం పరిస్తే రెట్ట స్పష్టంగా కనబడుతుంది. దాణా, నీళ్లు విడిగా పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పని అంతా అయ్యాకే దీని దగ్గరికి వెళ్లండి.

2. చేత్తో తడిమి చూడండి

తెల్లవారుజామున, మేత వేయకముందు కోడిని ఒళ్లోకి తీసుకోండి. గొంతు కింద ఉండే మేత సంచి ఆ వేళకు ఖాళీ అయిపోయి ఉండాలి. గట్టి ముద్ద తగిలితే మేత అడ్డుపడిందని అర్థం. నీళ్ల తిత్తిలా మెత్తగా ఉండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే లోపల మేత పులిసింది. ఈ రెండిటికీ నట్టల మందు అక్కర్లేదు.

తర్వాత రొమ్ము ఎముక మీద వేళ్లు జరపండి. బాగున్న కోడికి ఎముకకు రెండు పక్కలా కండ నిండుగా ఉంటుంది. నట్టలు ముదిరితే ఆ ఎముక కత్తి అంచులా వేలికి గుచ్చుకుంటుంది. పైన ఈకలు దట్టంగా ఉంటాయి కాబట్టి దూరం నుంచి చూస్తే ఈ చిక్కుదల తెలియదు. బాగా తింటూనే చిక్కిపోతోందంటే నట్టలను గట్టిగా అనుమానించాలి.

తురాయి పాలిపోతే రక్తం తగ్గి ఉండొచ్చు, కానీ కారణం నట్టలే కానక్కర్లేదు. ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి. రాత్రి టార్చి వేసి గూటి సందులు వెతకండి. పగలంతా అక్కడ దాక్కుని చీకట్లో రక్తం తాగే ఎర్ర నల్లులు దొరకవచ్చు. ఈకలు రాల్చే రోజుల్లోనూ, గుడ్లు ఆపినప్పుడూ తురాయి రంగు కొంత తగ్గడం మామూలే.

3. రెట్ట చూడండి

మంచి రెట్ట గట్టిగా, గోధుమ రంగులో, పైన తెల్లటి పూతతో ఉంటుంది. మధ్యమధ్యలో ముదురు గోధుమ రంగులో, జిగటగా, ఘాటైన వాసనతో ఒక రెట్ట వేస్తుంది. కొత్తగా పెంచేవాళ్లు దాన్నే చూసి హడలిపోతారు. అది పేగు చివరి సంచుల నుంచి వచ్చేది, జబ్బు కాదు.

తెల్లటి దారంలాంటి పురుగు పడితే ఏలికపాము. పెద్దవైతే 5 నుంచి 12 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. బియ్యపు గింజల్లాంటి ముక్కలు తాజా రెట్ట మీద మెల్లగా కదులుతుంటే బద్దె పురుగులు. చీమల్నీ, పేడ పురుగుల్నీ, ఈగల్నీ తినడం వల్ల ఇవి కోడికి చేరతాయి. పురుగు కనపడలేదని నిశ్చింతగా ఉండొద్దు. నట్టలున్నా చాలాసార్లు రెట్టలో గుడ్లు మాత్రమే వస్తాయి, అవి కంటికి ఆనవు. నాలుగైదు కోళ్ల తాజా రెట్టను శుభ్రమైన డబ్బాలో వేసి పశువైద్య ల్యాబుకు పంపండి. వెంటనే వీలుకాకపోతే ఫ్రిజ్‌లో ఉంచొచ్చు, గడ్డకట్టించకూడదు. నట్టల గుడ్లు, రక్త పారుడు క్రిములు రెండూ ఆ ఒక్క పరీక్షలోనే తేలతాయి.

3 నుంచి 6 వారాల పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే రక్త పారుడు అయి ఉండొచ్చు, ఆ పూటే కదలాలి. దీనికి ఎక్కువగా వాడే మందు ఆంప్రోలియం. అది బి1 విటమిన్‌ను పోలి ఉండి, ఆ విటమిన్ క్రిమికి అందకుండా అడ్డుకుంటుంది. అందుకే మందు నడిచే రోజుల్లో బి1 టానిక్కులు ఇవ్వకూడదు.

ఆకుపచ్చ నీళ్ల పారుడు, మెలితిరిగిన మెడ, పడిపోయిన కాళ్లు, వరుస చావులు ఉంటే కొక్కెర తెగులు అయి ఉండొచ్చు. దానికి మందు లేదు, ముందుగా వేయించే టీకా ఒక్కటే రక్షణ. బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే కనిపించవచ్చు. చచ్చిన కోళ్లను కోయకండి, తినకండి, అమ్మకండి. పశువైద్య శాఖకు వెంటనే చెప్పండి.

ఎండ లేని పూట కూడా మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తుంటే శ్వాసనాళంలో ఎర్రటి పురుగులు ఉండొచ్చు. కళ్లు వాచి ముక్కు కారుతుంటే మాత్రం అది ఊపిరితిత్తులకు, ముక్కుకు సంబంధించిన వేరే జబ్బు.

4. ఏ నట్టకు ఏ మందు

పైపరజిన్ పెద్ద ఏలికపాముల మీదే బాగా పనిచేస్తుంది. ఫెన్‌బెండజోల్, లెవామిసోల్ ఇంకొన్ని రకాల మీద కూడా పనిచేస్తాయి. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ కావాలి. మోతాదు కోడి బరువును బట్టి ఉంటుంది కాబట్టి కోడిని అట్టపెట్టెలో పెట్టి తూచి, ఆ అంకె డాక్టరుకు చెప్పండి. కంటి అంచనాతో తక్కువ వేస్తే బతికిన పురుగులు మందుకు అలవాటు పడతాయి. నట్టలు విపరీతంగా ఉన్నాయనిపిస్తే అదీ చెప్పండి. అన్నీ ఒక్కసారి చస్తే పేగుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

నీళ్లలో కలిపితే ఏ రోజుకా రోజు తాజాగా కలపండి, వేరే నీళ్లు అందనివ్వకండి. నీరసించిన కోడి సరిగ్గా తాగదు. దానికి నోటి పక్క నుంచి చుక్కచుక్కగా పోయాలి. నాలుక వెనకే శ్వాసనాళం ద్వారం ఉంటుంది, ఒక్కసారిగా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొత్త ఈకలు వచ్చే సమయంలో ఫెన్‌బెండజోల్ వేస్తే ఆ ఈకలు వంకరపోవచ్చు. గుడ్లు, మాంసం ఎన్నాళ్లు వాడకూడదో సీసా మీద చూసుకోండి. ఇక వెల్లుల్లి, గుమ్మడి గింజలు అంటారా, పెడితే పెట్టండి, కానీ నట్టలు పట్టాక వాటినే నమ్ముకుంటే కోడి చిక్కిపోతూనే ఉంటుంది.

5. నేలను వదిలేయొద్దు

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రెట్టతో పడ్డ ఏలికపాము గుడ్డు వెచ్చటి తడి నేలలో రెండు మూడు వారాల్లో మరో కోడికి అంటుకునే స్థితికి వస్తుంది, నెలల తరబడి బతుకుతుంది. వానపాములు కూడా దాన్ని మోస్తాయి. మందు వేసిన కోడిని అదే తడి పొట్టు మీదకు వదిలితే మళ్లీ మొదటికే. పొట్టు తీసి పారేసి, నేల ఎండనిచ్చి, కొత్తది పరవండి. దాణా నేల మీద చల్లకుండా ఎత్తైన తొట్టిలో పెట్టండి. నీళ్ల తొట్టి చుట్టూ బురద లేకుండా చూడండి. పెద్ద కోళ్లు ఏ లక్షణమూ లేకుండానే నట్టలు మోస్తుంటాయి కాబట్టి పిల్లల్ని వాటితో కలపొద్దు. కొత్తగా తెచ్చిన కోడిని నాలుగు వారాలు విడిగా ఉంచండి.

మందు అయిన రెండు వారాలకు రెట్ట మళ్లీ పరీక్షకు పంపండి. గుడ్లు ఇంకా కనిపిస్తే మోతాదు మీరే పెంచేయకండి. మందు మార్చాలా, లేక మన లెక్కే తప్పిందా అన్నది డాక్టరుతో కూర్చుని చూసుకోండి.